టూరిస్టుగా వచ్చిన రేపల్లె కోడలు

2022 వేసవి. తెనాలి స్టేషన్ రోడ్డులో ఒక టిఫిన్ హోటల్ మేడ మీద మా పాస్‌పోర్ట్, వీసా సర్వీసుల ఆఫీసు. ఆఫీసంటే ఏదో ఊహించుకోకండి. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కింది నుంచి పొద్దస్తమానం వచ్చే పెసరట్ల వాసన. ఏళ్ల తరబడి ఇక్కడి నుంచి బయటికి పోయేవాళ్ల కాగితాలే చూశాను నేను. బయటి దేశం నుంచి వచ్చి, ఇక్కడే ఉండిపోతానన్న మనిషి నా మెట్లెక్కడం అదే మొదటిసారి. ఆ రోజు నాకు కాలు ఒకచోట నిలవలేదు.

ఆ అమ్మాయి పేరు లిన్. వియత్నాం పిల్ల. పక్కనున్న శ్రీధర్‌ది రేపల్లె. రొయ్యపిల్లల హేచరీ పని మీద అతను కొన్నాళ్లు ఆ దేశంలో ఉన్నాడు. అక్కడి ల్యాబ్‌లో పని చేసే లిన్, అతని దగ్గరే తెలుగు నేర్చుకుంది. అతని ఊరు చూద్దామని టూరిస్ట్ వీసా మీద వచ్చింది. చూడ్డానికి వచ్చిన పిల్ల కాస్తా జ్యేష్ఠమాసంలో పెళ్లికూతురై కూర్చుంది. రిజిస్టర్ పెళ్లీ చేసుకున్నారు, పీటల మీద పెళ్లీ చేసుకున్నారు. లిన్ తరఫు వాళ్లెవరూ రాలేకపోతే, చెరుకుపల్లిలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య కన్యాదానం చేశారట. ఆ మాస్టారు శ్రీధర్ వాళ్ల నాన్నకు స్నేహితుడు.

"పెళ్లయిపోయింది కదండీ, ఇంక ఇక్కడే ఉండొచ్చు కదా?" అన్నాడు శ్రీధర్.

"తాళి కట్టింది నువ్వు నాయనా, గవర్నమెంటు కాదు," అన్నాను.

టూరిస్టుగా వచ్చిన మనిషి ఇక్కడివాళ్లను పెళ్లి చేసుకుంటే, ఆ వీసాను, ఇక్కడ ఎక్కువకాలం ఉండనిచ్చే ఎంట్రీ వీసాగా మార్చమని అడగొచ్చు. మేము దాన్ని కన్వర్షన్ అంటాం. అడగ్గానే ఇచ్చేయరు. ఇక్కడ ఉండిపోవడం కోసం పెళ్లిని అడ్డం పెట్టుకున్నారేమో చూస్తారు. మొదట ఇంటికి మనిషిని పంపి ఆరా తీస్తారు. అది ఫీల్డ్ వెరిఫికేషన్. ఆ తర్వాత మొగుడూ పెళ్లాలను విడివిడిగా పిలిచి ఇంటర్వ్యూ చేస్తారు. టూరిస్ట్ వీసా గడువు లోపల కన్వర్షన్ రాలేదా, లిన్ దేశం విడిచి పోవాల్సిందే. దొంగపెళ్లి అని ఒక్క ముక్క రాశారంటే ఆ పిల్ల మళ్లీ రేపల్లె మొహం చూడటం కల్ల.

నేను నడుం కట్టాను. అప్లికేషన్ పంపించి, ఇంటర్వ్యూకి ప్రాక్టీసు మొదలుపెట్టాను. ఒకరిని లోపల కూర్చోబెట్టి, రెండోవాళ్లను కింద హోటల్‌కి పంపించి ప్రశ్నలు అడిగేదాన్ని.

"మీ ఆయనకి ఏ కూరంటే ఇష్టం?"

"గోంగూర రొయ్యలు," అంది లిన్ ఠక్కున. "కానీ అత్తమ్మ ముందు దొండకాయ అంటాడు."

"మీ ఆవిడ బ్రష్షు ఏ రంగు?" అని శ్రీధర్‌ని అడిగితే నెత్తి గోక్కున్నాడు. పెళ్లయిన కొత్తలో మొగుడు పెళ్లాం మొహం చూస్తాడుగానీ, బ్రష్షు చూడడు. దాన్ని బట్టీ పట్టించాను.

ఒకసారి శ్రీధర్ వాళ్లమ్మ సామ్రాజ్యం గారు కూడా వచ్చారు. అంతా విని, "పెళ్లయ్యాక ఈ పెళ్లిచూపులేంటమ్మా?" అని విసుక్కున్నారు. మాట కరుకు. కోడలి వైపు చూడటం గానీ, నవ్వడం గానీ నేను గమనించలేదు. ఆవిడ పక్కన లిన్ చేతులు ఒళ్లో పెట్టుకుని బొమ్మలా కూర్చుంది.

గడువు దగ్గర పడుతుండగా, విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు నుంచి బాపట్లలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. బాపట్ల అప్పుడే కొత్త జిల్లా అయింది, ఆఫీసుల బోర్డుల మీద రంగు కూడా మాయలేదు. పరీక్ష రాసేది నేనే అన్నంత హడావిడిగా పొద్దున్నే రైలెక్కి వెళ్లి, ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాను. రేపల్లె నుంచి శ్రీధర్, సామ్రాజ్యం గారు కారులో దిగారు. లిన్ లేదు.

"పిల్లేది?" అన్నాను.

"చెరుకుపల్లి నుంచి వస్తందమ్మా, మాస్టారు తీసుకొస్తన్నారు," అన్నారావిడ.

"చెరుకుపల్లిలో ఏంటండీ?"

"ఆషాఢం కదా. కొత్తకోడలు అత్తగారింట్లో ఎట్టా ఉంటది? కన్యాదానం చేసినోళ్లే కదా పుట్టింటోళ్లు. అందుకని మాసం రాగానే అక్కడ దింపొచ్చాం."

పిల్ల ఎక్కడుంటుందో చూడ్డానికి గవర్నమెంటు మనిషిని పంపే నెలలో, ఈ మహాతల్లి పిల్లను ఊరు దాటించింది. శ్రీధర్‌ వైపు గుర్రుగా చూశాను. "రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నామండీ," అని నసిగాడు. ఇంతలో మాస్టారి బండి మీద లిన్ దిగింది. ఇక నేర్పడానికి సమయం లేదు. "ఉన్నది ఉన్నట్టు చెప్పమ్మా," అన్నాను.

విడివిడి ప్రశ్నలు అయిపోయాయి. బయటికి వచ్చిన శ్రీధర్, బ్రష్షు రంగు అడగనే లేదని దిగాలుగా చెప్పాడు. తర్వాత ఆఫీసరు గారు లిన్‌ని మళ్లీ పిలిచి, అప్లికేషన్ పెట్టించింది నేనే కాబట్టి నన్నూ రమ్మన్నారు. నెమ్మదిగా మాట్లాడే మనిషి, కానీ చూపు సూటిగా ఉంది.

"ఇప్పుడు ఎక్కడుంటున్నావమ్మా?"

"చెరుకుపల్లి, సార్," అంది లిన్.

ఆయన ఫైలు తిప్పారు. "మా వాడు రేపల్లె వెళ్తే ఇంటికి తాళం ఉంది. ఆ అమ్మాయి ఇక్కడ ఉండట్లేదని పక్కింటివాళ్లు చెప్పారు. మీరేమో అత్తగారింట్లో కాపురం అని రాశారు."

"ఆషాఢం సార్," అన్నాను.

"ఆషాఢం నాకూ తెలుసండి. పట్టుబడ్డాక ఎవరికైనా ఏదో ఒకటి గుర్తొస్తుంది." బెల్లు కొట్టి, "ఆ అత్తగారిని పిలవండి," అన్నారు.

సామ్రాజ్యం గారు వచ్చారు. తలుపు దాకా వచ్చి, లోపల కోడలిని చూసి, టక్కున ఆగిపోయారు.

"రండమ్మా, కూర్చోండి," అన్నారు ఆఫీసరు.

"నేను రానండి. మా కోడలు లోపలుంది."

"ఉంటే?"

"ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒక గడప దాటకూడదండి. ఆ పిల్లని పంపించండి, అప్పుడొస్తాను."

"ఇది మీ ఇల్లు కాదు కదమ్మా, ఆఫీసు."

"గడప గడపేనండి. మీరడగండి, నేనిక్కణ్ణుంచే చెప్తాను."

లోపల మేమేం మాట్లాడుకున్నామో ఆవిడకు తెలియదు. ఆయన నా వైపు చూశారు. నేను నేల చూపులు చూశాను, నవ్వొస్తుందేమోనని భయం. ఆయన పట్టు వదల్లేదు.

"అమ్మా, ఇది ఉత్తుత్తి పెళ్లని, ఈ అమ్మాయి మీ ఇంట్లో ఉండటమే లేదని మాకు అనుమానం. ఏమంటారు?"

సామ్రాజ్యం గారి మొహం ఎర్రబడింది. గడప అవతల నుంచే కొంగు బిగించారు.

"నా కోడలు కాకపోతే నాకీ ఆషాఢం దేనికండి? దాన్ని పంపించినకాడ్నుంచి ఇల్లు బోసిపోయింది. చెరువు మీద పనికి పోయి పొద్దూకులూ అక్కడే ఉంటన్నాను, ఇంటికి రాబుద్ధి గాక. ఉత్తుత్తి కోడలికి ఎవరన్నా ఇంత అవస్థ పడతారా? శ్రావణం ఎప్పుడొస్తదా అని చూస్తన్నానండి నేను."

ఆఫీసరు గారు ఫైలులో ఏదో రాసుకుని, "శ్రావణం రాగానే మా వాణ్ణి మళ్లీ పంపిస్తాను. అప్పుడు మాత్రం కోడలు ఇంట్లో ఉండాలి," అన్నారు. ఆ లోపు వీసా గడువు తీరినా లిన్ ఇక్కడే ఉండేలా అనుమతి ఇప్పించారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

బయట వరండాలోకి రాగానే లిన్ నా చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. గండం గడిచినందుకేమో అనుకున్నాను.

"అక్కా, నేను నచ్చలేదు, అందుకే పంపేసింది అనుకున్నాను," అంది. "శ్రీధర్ ఆచారం అన్నాడు. నేను బాధపడతానని అబద్ధం చెప్తున్నాడు అనుకున్నాను. వీసా వచ్చినా, ఆ ఇంటికి మళ్లీ పిలుస్తారో లేదో అనుకున్నాను."

సామ్రాజ్యం గారు విన్నారు. అక్కడ దాటడానికి గడప లేదు. "పిచ్చిమొద్దా," అంటూ వచ్చి, కొంగుతో కోడలి మొహం తుడిచారు. ఆ కరుకు మనిషి కళ్లల్లో నీళ్లు చూసి నాకూ ఆగలేదు.

శ్రావణంలో మాస్టారి ఇంటి నుంచి సారెతో లిన్ రేపల్లె వచ్చింది, వెరిఫికేషన్ అయింది, ఎంట్రీ వీసా వచ్చింది. ఆ తర్వాత ఇలాంటి జంటలు మరికొన్ని వచ్చాయి. ఇప్పుడూ ఆ ప్రశ్నలన్నీ అడుగుతాను. అయితే వాటికన్నా ముందు, వచ్చిన పిల్లను ఒక్కదాన్నే కూర్చోబెట్టి, "ఆ ఇంట్లో నీకు అర్థంకాకుండా మనసులో పెట్టుకున్నదేమైనా ఉందా అమ్మా?" అని అడుగుతాను. లిన్ పెళ్లి నిజమని ఆఫీసరును నమ్మించాలని నేను అంత తాపత్రయపడ్డాను. కానీ ఆ ఇంట్లో తనకు చోటుందన్న నమ్మకం చిక్కక తల్లడిల్లింది పెళ్లికూతురే.