చివరి పేజీ ముందే చెప్పిన రోజు

నిన్న కొత్త క్రైమ్ నవల తెరుస్తుంటే వీధిలోంచి చామంతుల వాసన వచ్చింది. విమానాశ్రయం పక్కనున్న మా తొండుపల్లిలో, నా పదో ఏట, చదువురాని అమ్మ చామంతి దండలు గుచ్చుతుంటే పక్కన కూర్చుని ఇలాంటి నవలే చదివి వినిపించేదాన్ని.

ఒకరోజు ఆటకు పోవాలన్న తొందరలో చివరి పేజీ చూసి చెప్పేశాను.

"మొగుణ్ని చంపింది పెండ్లామే అమ్మా. కథ అయిపోయింది."

అమ్మ చేతిలో సూది ఆగింది. అంతలో మా ఇంటి మీదుగా విమానం పోయింది. ఆ మోత తగ్గాక అమ్మ ఇంకో పువ్వు సూదికి గుచ్చింది. కథంతా పాడుచేశానని భయపడ్డాను.

"గది నాకు ఎప్పుడో ఎరికే బిడ్డా. గంత పని చేసెటట్టు ఆమెకు ఏమైందో, గది సదువు."

ఆ రోజు ఆటకు పోలేదు. అమ్మ పుణ్యమా అని, ఇప్పటికీ ముందు చివరి పేజీ చూసి, హంతకులెవరో తెలిశాకే నేను నెమ్మదిగా చదవడం మొదలుపెడతాను.