అర్జీలు రాసిన ఏడాది

అరవయ్యో దశకం చివర్లో, తెలుగు ముఖ్యాంశంగా బి.ఏ. పాసై విజయనగరం నుంచి నరసన్నపేట తిరిగొచ్చేసరికి నా దగ్గర రెండు నోటుబుక్కుల పద్యాలు, పత్రికలు తిప్పిపంపిన ఐదు కథలు ఉన్నాయి. ఉద్యోగం మాత్రం లేదు. పండిత శిక్షణకి వెళ్తే బడిలో పని ఖాయమని నాన్న. వాల్తేరులో ఎం.ఏ. చదవాలని నేను. దరఖాస్తులకి ఇంకా నెలల గడువుంది. ఈలోగా ఖాళీగా కూర్చోవద్దని అమ్మ నన్ను తన తమ్ముడి దగ్గరికి పంపింది. తాలూకా కచేరీ వరండాలో చాప పరుచుకుని జనానికి అర్జీలు రాసిపెట్టడం మావ పని. చదివింది ఐదో తరగతి.

మొదటి వారంలోనే ఒక రైతు భార్య వచ్చింది. పక్క పొలం ఆయన కాలవకి అడ్డంగా గట్టు వేశాడట. నీళ్లు రాక ఈమె నారు ఎండిపోతోందట. వింటూనే నాలో కవి లేచాడు. "కరుణాసముద్రులైన ఏలినవారి పాదపద్మములకు" అని ఎత్తుకుని పేజీన్నర నింపి, గొంతు సవరించుకుని చదివి వినిపించాను.

ఆమె శ్రద్ధగా వింది. "శానా బాగున్నాది బాబూ. ఇది ఎవులి అర్జీ? నాదెప్పుడు రాస్తావు?" అంది.

వరండా అంతా గొల్లుమంది. నాకు తలెత్తాలనిపించలేదు. మావ మాత్రం నవ్వలేదు. కొత్త కాగితం తీసి నా ముందు పెట్టాడు.

"ఒరే, నీ పద్యాలు పక్కన పెట్టు. ఆయమ్మ ఏటి సెప్పిందో మళ్లీ అడుగు. అదే రాయి."

అడిగాను.

"గట్టేసి పన్నెండు రోజులైనాది. కడవతో మోసి పోస్తన్నాను. సగం నారు సచ్చిపోనాది. మిగిలిన సగం బతికించండి."

అంతే రాశాను. మూడో రోజున రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చి కాలవ చూసి, గట్టు తీయించాడు.

అప్పట్నుంచీ ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం అలవాటైంది. అలా విని రాసిన కథ ఒకటి వారపత్రికలో అచ్చయింది. నాన్న దాన్ని రెండుసార్లు చదివి, పక్కింటాయనకి ఇచ్చొచ్చాడు.

వేసవిలో ఎం.ఏ. దరఖాస్తు తెప్పించాను. సంతకం పెట్టేముందు నాన్న మావని పిలిపించాడు.

"ఒరే, ఇది సదివితే ఈడు ఏటౌతాడు?"

"ఏటౌతాడో నాకూ తెల్దు బావా. ఈడికింకా నేర్సుకోవాలని ఉన్నాది. అదున్నప్పుడే పంపాల."

నాన్న దరఖాస్తు దగ్గరికి లాక్కుని, కలం అడిగాడు.

సీటొచ్చిందని కార్డు అందిన వారానికి బయల్దేరాను. నాన్న బస్టాండుకి వచ్చి, నా పెట్టె తనే బస్సు మీదకి ఎక్కించాడు.

"పండిత శిక్షణ ఎక్కడికీ పారిపోదులే. ముందు ఇది సదివీసి రా," అన్నాడు.

కిటికీ పక్కన సీటు దొరికింది.