అత్తయ్యగారి డబ్బా బండి

మా అత్తయ్యగారికి మోకాళ్లు వంగవు. కుర్చీలో కూర్చోగలరు, మంచం మీద నుంచి లేవగలరు, నేల మీద మాత్రం కూర్చోలేరు. తొంభైల్లో బస్టాండ్లలో, రైళ్లలో ఆడవాళ్లకి మరుగుదొడ్డి దొరకడమే గొప్ప. దొరికినా అది నేలమట్టానిదే. అందుకని కాకినాడ నుంచి మా దగ్గరికి బయల్దేరేముందు, ముందురోజు మధ్యాహ్నం నుంచే ఆవిడ మంచినీళ్లు తాగడం మానేసేవారు. శంషాబాద్‌లో మా అద్దె ఇంటికి చేరాక ఇక గుమ్మం దాటేవారు కాదు. ఇంట్లో ఆవిడ కోసం నడుమ గుండ్రంగా కంత కోసిన చెక్క కుర్చీ ఒకటి ఉండేది. ఆ కుర్చీ ఉన్నంత మేరే ఆవిడ లోకం.

కానీ ఆవిడకి తెలుసుకోవాలని లేని విషయమంటూ లేదు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవారు. ఒక వానాకాలం శ్రీశైలం డ్యాం గేట్లు ఎత్తారని ఫోటో వేశారు. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూశారు.

"ఒక్కో గేటు ఎంత బరువుంటుందే అమ్మాయ్? అంత ఇనుమూ ఎలా ఎత్తుతారు?"

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. అయినా నాకు తెలియదు. అదే మాట చెప్పాను.

"చూస్తే తెలుస్తుంది కదా" అన్నారు. అంతలోనే "చూసేదెలాగులే" అని పేజీ తిప్పేశారు.

నేను పనిచేసే బడి మహేశ్వరం దారిలో ఉండేది. దారి పక్కన ఒక ద్రాక్షతోట, తోట వెనక ఒక పాత చిన్న లారీ. వెనకభాగం మీద రేకులతో కట్టిన గది లాంటి డబ్బా. చక్రాలు సగం మట్టిలో దిగబడి ఉండేవి. రోజూ చూస్తున్నదే. ఆ వారం మాత్రం దాన్ని చూడగానే అత్తయ్యగారి కుర్చీ గుర్తొచ్చింది. ఆ కుర్చీ ఈ గదిలో పడుతుందా అనిపించింది.

బడి వదిలాక తోటలోకి వెళ్లాను. తోట యజమాని ఆ ఊరి రైతే. తీగలకి మందు కొట్టే పంపు కడుగుతున్నాడు.

"అన్నా, ఆ బండి నడుస్తుందా?"

"జర మరమ్మతు జేస్తే నడుస్తది టీచరమ్మా. సర్కారోళ్ల వేలంపాటల గొన్న. మూడేండ్ల సంది గట్లనే నిలవడ్డది. గా డబ్బాతోని మీకేం పని?"

దాన్ని గదిలా చేసుకుని మా అత్తయ్యగారిని శ్రీశైలం తీసుకెళ్లాలని ఉందన్నాను. అతను ముందు నవ్వాడు. తర్వాత బండి వైపు కాసేపు చూశాడు.

"నేను గూడ శ్రీశైలం జూడలే. ఇంజను సంగతి నేను జూస్కుంట, బండి నేనే నడుపుత. పైన డబ్బా సంగతి మీరు జూస్కోండ్రి. ద్రాక్ష కోతలప్పుడు బండి నాది, కడమ దినాలు మీది. ఏమంటరు?"

ఇంటికొచ్చి చెబితే మా వారు "లారీలో కాపురమా?" అన్నారు. ఆయనది నగరంలో గుమాస్తా ఉద్యోగం, జాగ్రత్త మనిషి. అయినా ఆదివారం నాతో వచ్చారు. డబ్బా తలుపు తీయగానే ఎండిన ద్రాక్ష వాసన గుప్పుమంది. విరిగిన పెట్టెలు, గోనెసంచులు, ఒక మూల కోడి ఈకలు. పెట్టెలు బయటపడేసి, గోడ మీద రంగు గీకి చూశాను. పైన ఆకుపచ్చ, దాని కింద తెలుపు, దాని కింద బూడిదరంగు. గది మధ్యలో రేకు అడ్డుగోడ, దాని పక్కన బయటి గోడలో అరచేతంత ఎర్రటి అద్దం. కిటికీ అన్నది లేదు. ఈ ఎర్రద్దం ఎందుకు పెట్టారన్నా అంటే రైతుకీ తెలియదు.

ఆ సంగతి చెప్పగానే అత్తయ్యగారు "నన్ను తీసుకెళ్లు" అన్నారు. గుమ్మం దాటని మనిషి ఆటో ఎక్కారు. డబ్బాలోకి ఎక్కించడానికి రెండు ద్రాక్షపెట్టెలు మెట్లలా వేశాం. ఆవిడ అడ్డుగోడ మీద చెయ్యి వేసి, ఎర్రద్దాన్ని వేలితో తట్టారు.

"ఇది ఛాతీ ఫోటోల బండి. మీ మామగారికి దగ్గు పట్టినప్పుడు మా మార్కెట్ దగ్గర ఇలాంటి బండి ముందే వరుసలో నిలబడ్డాం. ఆ పక్క ఎక్స్‌రే తీసేవారు, ఈ పక్క చీకట్లో ఎర్రదీపం వెలుగులో ఫోటో కడిగేవారు."

చీకటి గది అనగానే నాకొక ఆలోచన వచ్చింది. కప్పు ఎక్కడెక్కడ కారుతుందో కనిపెట్టాలంటే వాన దాకా ఆగక్కర్లేదు. తలుపు మూసేసి ఎర్రద్దం మీద గోనె కప్పాను. మిట్టమధ్యాహ్నం. నేల మీద వెలుగు బిళ్లలు ప్రత్యక్షమయ్యాయి, పదో పన్నెండో. తుప్పు తిన్న కంతలేమో వంకరటింకరగా ఉన్నాయి, కింద బిళ్లలు మాత్రం గుండ్రంగా ఉన్నాయి. "కంత ఆకారం కాదండీ ఇది, సూర్యుడి బొమ్మ" అని పాఠం మొదలుపెట్టాను. మా వారు సుద్దముక్కతో కంతల చుట్టూ గీతలు గీస్తూ, "ముందు ఎన్ని ఉన్నాయో చెప్పు" అన్నారు.

అంతలో అత్తయ్యగారు "అటు చూడండి" అన్నారు. రోడ్డు వైపు గోడలో ఒక చిన్న కంత ఉంది. ఎదురుగా అడ్డుగోడ తెల్లటి రేకు మీద మసకమసకగా ఆకాశం కిందికి, తోట పైకి కనబడుతున్నాయి. ఒక బస్సు చక్రాలు పైకి పెట్టి నిదానంగా పోయింది. వెనక ఒక సైకిలు, తలకిందులుగా.

నేను ఇరవైసార్లు నల్లబల్ల మీద గీసిన బొమ్మ అది. నిజంగా చూడటం అదే మొదలు. రైతును కేకేశాను. అతను లోపలికొచ్చి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడి, "ఓర్నీ! నా తోట గిట్ల బోర్ల పడ్డదేంది!" అని మళ్లీ బయటికెళ్లి తోటను చూసుకుని వచ్చాడు. ఆ ఆదివారం పనేమీ జరగలేదు.

ఆ తర్వాతి ఆదివారాల్లో మాత్రం జరిగింది. నూనె డ్రమ్ములు చీల్చి చదును చేసిన రేకులు నేలకి వేశాం. కప్పు కంతల మీద వేడి తారు పూసి గోనె అంటించాం. రేకు కప్పు ఎండకి పెనంలా కాలేది. దాని కింద జానెడు ఖాళీ వదిలి వెదురు చాప కట్టాక లోపల ఊపిరాడింది. బుద్వేల్ దగ్గర పాత ఇనుప సామాన్ల కొట్టులో ఒక బస్సు కిటికీలు దొరికాయి. అద్దాలు ఇంకా జరుగుతున్నాయి. అవి పట్టేంత మేర గోడలు కోయించాం.

ఇక అసలు సంగతి కుర్చీ. ఇంట్లోది చెక్కది, కుదుపులకి ఆగదు. ఎంత ఎత్తుండాలో తేల్చడానికి ఇంటి వరండాలో ఇటుకలు పేర్చి పైన పీట వేశాను. అత్తయ్యగారు నాలుగు ఇటుకల మీద కూర్చుని లేవలేకపోయారు. ఐదు మీద లేచారు గానీ మూలిగారు. ఆరో ఇటుక దగ్గర చేతులు ఆన్చకుండా లేచి, "ఇది నా ఎత్తు" అన్నారు.

ఆ కొలతతో మా వారు కాగితం మీద బొమ్మ గీసుకుని, శంషాబాద్ రోడ్డు పక్క వెల్డింగ్ షాపుకి వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. వెల్డర్ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీ కంతల ఏం బెడతరు సార్? నీళ్ల కుండనా?"

మా వారి చెవులు ఎర్రబడ్డాయి. "ఆఁ, అలాంటిదే" అన్నారు.

"గట్లయితే కంత జర చిన్నగ జేస్త. కుండ జారదు."

చేశాడు. చెంబు పట్టేంత కంత. మా ఇంట్లో దాని చుట్టూ నిలబడి ముగ్గురం నవ్వాం, మా వారు కాస్త ఆలస్యంగా. మర్నాడు అత్తయ్యగారే ఆ కుర్చీని ఆటోలో వేసుకుని బయల్దేరారు. షాపు ముందు దిగి, వెల్డర్ని పిలిచారు.

"నాయనా, ఇది కుండకి కాదు, నాకు. దొడ్డికి కూర్చోడానికి. నా మోకాళ్లు వంగవు."

అతను నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు. "గీ మాట ముందుగాల జెప్తే ఏమయితుండె అమ్మా? మా అమ్మకు గూడ గిదే పరేషాన్." ఆవిడను స్టూలు మీద కూర్చోబెట్టి, చెయ్యి ఎక్కడిదాకా అందుతుందో అడిగి, పాత బస్సు గొట్టాలతో రెండు వైపులా పట్టుకోడానికి కడ్డీలు పెట్టాడు. కింద మూత బకెట్టు జారకుండా రెండు పట్టీలు అతికాడు. మాది అయ్యాక అదే కొలతతో ఇంకొకటి కోయడం మొదలుపెట్టాడు, వాళ్లమ్మకి.

పరీక్షకి తుక్కుగూడ దాకా వెళ్లొచ్చాం. నీళ్ల డ్రమ్ము కప్పు మీద పెడితే కుళాయిలో నీళ్లు వాటంతటవే దిగుతాయని మా వారి లెక్క. లెక్క తప్పు కాదు. కానీ మొదటి మలుపులోనే నీళ్లన్నీ ఒక పక్కకి కొట్టి బండి ఒరిగింది. రైతు బండి ఆపి దిగాడు.

"బండి నా మాట ఇంటలేదు సారూ. పైనున్న నీళ్ల మాట ఇంటున్నది."

డ్రమ్ముని లోపల కూర్చునే బల్ల కిందికి దించాం. కిరోసిన్ తోడే చేతిపంపు కొత్తది కొని దానికి పెట్టాం.

నడుమ ద్రాక్ష కోతలకి బండి తోటకి పోయింది, మళ్లీ వచ్చింది. దసరా సెలవుల్లో ఒక తెల్లవారుజామున బయల్దేరాం. రైతు నడుపుతున్నాడు, పక్కన మా వారు. లోపల నేనూ అత్తయ్యగారూ. మహేశ్వరం గేటు దాటాక ఆవిడ పంపు కొట్టి గ్లాసు నిండా నీళ్లు పట్టుకుని తాగారు. ఇంకో గ్లాసు పట్టుకున్నారు. నేను కిటికీలోంచి ఆముదం చేలు చూస్తున్నట్టు నటించాను.

డిండి ఇంకా కొంత దూరముందనగా ఇంజను వేడెక్కి ఆవిరి కక్కింది. చేలో పని చేసుకుంటున్న ఆడవాళ్లు బిందెలతో నీళ్లు తెచ్చారు. రేడియేటర్ చల్లారేలోగా డబ్బాలోకి ఒకరి తర్వాత ఒకరు తొంగిచూశారు. వంటకి పెట్టుకున్న పొయ్యి చూశారు, పంపు కొట్టి చూశారు. ఒకామె కుర్చీ దగ్గర ఆగింది.

"గిదేందమ్మా?"

అత్తయ్యగారు దాచకుండా చెప్పారు. ఆమె నవ్వలేదు. "మా అత్త రెండేండ్ల సంది వాకిలి దాటలే. ఎట్ల పోవాల్నని ఏడుస్తది" అంటూ వంగి, కుర్చీ ఎత్తుని జానతో కొలిచింది. "రెండు జానలు, మీద కొంచెం. మా ఊర్ల వడ్లాయన జేస్తడా అమ్మా?" చెక్కతో అయినా చేస్తాడని, కాళ్లు కాస్త వెడల్పుగా చాపి పెట్టమని అత్తయ్యగారు చెప్పారు. బండి కదిలాక ఆమె పక్కనున్న మనిషికి చేతులతో ఆ వెడల్పు చూపిస్తుండటం కనిపించింది.

అడవి దాటి, ఘాట్ దిగి, మధ్యాహ్నానికి డ్యాం చేరాం. గేట్లు మూసి ఉన్నాయి.

"నిన్న సాయంత్రమే దించేశారమ్మా" అన్నాడు అక్కడ కాపలా ఉన్న మనిషి.

అత్తయ్యగారు పిట్టగోడ మీంచి కిందికి వంగి చూశారు. కింద రాళ్లు ఇంకా తడిగా ఉన్నాయి. చివరికి అతన్నే అడిగారు, వాటిని ఎలా ఎత్తుతారని. పైన మోటారు ఉంటుందనీ, ఇనుప తాళ్లు చుట్టుకుంటూ గేటును లాగుతాయనీ చెప్పాడు.

"బావిలో చేదలాగానా?"

"అంతేనమ్మా."

"చేద ఎలా ఉంటుందో తెలుసు. గేటు ఎత్తినప్పుడు నీళ్లు ఎలా ఉంటాయో చూడాలి" అన్నారు. రైతు మాత్రం గుడికి వెళ్లి, కొబ్బరిచిప్పలతో, గొప్ప సంతోషంతో తిరిగొచ్చాడు.

బండి మా దగ్గర నాలుగేళ్లు ఉంది. విమానాశ్రయం వస్తుందన్న మాట ఊళ్లల్లో పుట్టాక రైతు తోట తీసేసి భూమి ప్లాట్లకి ఇచ్చాడు. నిలిపే చోటు లేక బండిని ఒక తేనెటీగల వ్యాపారి తీసుకుపోయాడు. అదంతా తర్వాతి మాట. మొదటి ప్రయాణం మరుసటి ఏడు, పేపర్లో ఫోటో పడిన రోజే రైతుకి కబురు పెట్టాం. నేను బడికి సెలవు పెట్టాను. ఈసారి ఇంజను వేడెక్కలేదు.

నాలుగు గేట్లు ఎత్తి ఉన్నాయి. మలుపులో ఉండగానే మోత వినిపించింది. దిగేసరికి నీటి తుంపరతో మా ముఖాలు తడిసిపోయాయి. అత్తయ్యగారు పిట్టగోడ పట్టుకుని నిలబడ్డారు. కుర్చీ వెయ్యనా అని సైగ చేస్తే వద్దన్నారు. ఒకసారి నా వైపు తిరిగి గట్టిగా ఏదో అన్నారు. పెదవులు కదలడం చూశాను, మాట నీళ్ల హోరులో కొట్టుకుపోయింది. మళ్లీ చెప్పమని నా చెవి ఆవిడ నోటి దగ్గర పెట్టాను. ఆవిడ చెయ్యి ఊపేసి నీళ్ల వైపు తిరిగారు.

తిరుగు దారిలో, బండి ఘాట్ ఎక్కాక, అక్కడ ఏమన్నారత్తయ్యగారూ అని అడిగాను.

"ఏమోనే" అన్నారు, తడిసిన కొంగు కిటికీ గాలికి ఆరబెట్టుకుంటూ. "నాకే వినపడలేదు."