విప్పేసిన శాలువా

మొన్న డిసెంబరులో ఒక ఉదయం మా అబ్బాయి నన్ను కళ్ల డాక్టరుకు చూపిద్దామని కారులో కొంపల్లికి తీసుకెళ్తుంటే, కండ్లకోయ దగ్గర కాలేజీ బస్సులన్నీ ఒక్కసారే మలుపు తిరగడంతో దారి మొత్తం నిలిచిపోయింది. మా పక్కనే ఆగిన బస్సు కిటికీలో ఒక అమ్మాయి లోకంతో పని లేనట్టు తల వంచుకుని ఊలు అల్లుతోంది. కొత్తగా నేర్చుకుంటున్నదని చూడగానే తెలిసింది. దారాన్ని మరీ బిగించి లాగుతోంది, అలా లాగితే రెండో వరుసకే పుల్ల దూరనని మొరాయిస్తుంది. కాస్త వదులుగా పట్టుకో తల్లీ అని చెప్పాలని అద్దం దించేలోపు బస్సు కదిలిపోయింది. ఒళ్ళో ఉన్న నా చేతులు వాటంతట అవే ఆడుతుంటే, మా అబ్బాయి నాకు చలి పెడుతోందనుకుని అద్దం మళ్లీ పైకెత్తాడు.

నేను ఆ పని నేర్చుకున్నది పెళ్లయి మేడ్చల్ వచ్చాకే. మా అత్తవారిది గౌడవెల్లి. మా ఆయనకు ఫ్యాక్టరీలో పని దొరికాక, స్టేషను వెనక గల్లీలో రెండు గదులు కిరాయికి తీసుకుని కాపురం పెట్టాం. మా చర్చి వాళ్లు నడిపే చిన్న బడిలో నేను పసిపిల్లల తరగతి చెప్పేదాన్ని. మా పాస్టరమ్మ పుట్టి పెరిగింది ఎక్కడో చలికొండల వైపు. ఆమెకు చేతిలో పుల్లలు లేకపోతే మాట తోచేది కాదు. మధ్యాహ్నం పిల్లలు నిద్రపోయే వేళ, బడి అరుగు మీద కూర్చోబెట్టి నాకు కుట్టు వెయ్యడం, కుట్టు తియ్యడం నేర్పింది. అప్పట్లో మేడ్చల్ చలి నిజంగా చలే. చుట్టూ ద్రాక్షతోటలూ పొలాలూ ఉండేవి, పొద్దెక్కేదాకా మంచు వీడేది కాదు, మీలో ఆ వైపు వాళ్లుంటే గుర్తుండే ఉంటుంది. స్వెట్టరు అన్నది సోకు కాదు, అవసరం.

ఇద్దరు పిల్లలు, షిఫ్టుల మొగుడు, బడి, వంట, వీటి మధ్య అల్లడానికి నీకు తీరికెక్కడిదని చాలామంది అడిగేవారు. తీరిక ఎవరూ తెచ్చి ఇవ్వరు, పనుల సందుల్లోంచి ఏరుకోవాలి. అన్నం ఉడికేలోపు ఒక వరుస, నల్లా దగ్గర బిందె నిండేలోపు ఇంకో వరుస. ఊలు ఉండ పొయ్యి బూడిదలోకి దొర్లకుండా ఒక చెంబులో వేసి పెట్టుకునేదాన్ని. చెయ్యి ఖాళీ లేనప్పుడు పుల్లలు కొప్పులో గుచ్చుకునేదాన్ని, ఒకసారి అలాగే చర్చికి వెళ్లిపోతే ఆరాధన అయ్యేదాకా మా ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. గొప్ప చెప్పుకుంటున్నాననుకోకండి, ఊలు మీద ధ్యాసతో నేను అన్నం మాడబెట్టింది లేదు, పిల్లలకు తల దువ్వకుండా బడికి పంపిందీ లేదు.

అయినా మాతోనే ఉండే మా అత్తమ్మకు ఆ పుల్లలంటే పడేది కాదు. ఆమె పొలం పనిలో పెరిగిన మనిషి, కూర్చుని చేసేదేదీ ఆమె లెక్కలో పని కాదు. నేను పుల్లలు తీస్తే చాలు, నాతో కాకుండా గోడతో మాట్లాడుతున్నట్టు, గీ పుల్లలతోని సంసారం నడుస్తదా అనేది. నేను మాత్రం వరుస ఆపేదాన్ని కాదు.

ఒక ఏడు చలికాలంలో, క్రిస్మస్ దాటాక మా ఆయనకు శనివారం, ఆదివారం కలిసి సెలవు దొరికింది. సికింద్రాబాదులో ఉన్న మా ఆడబిడ్డ ఇంటికి అందరం వెళ్లాలనీ, శనివారం నేను జనరల్ బజారులో ఊలు కొనుక్కోవాలనీ, ఆదివారం పిల్లలకు జూ చూపించాలనీ అనుకున్నాం. మేడ్చల్ నుంచి సిటీకి పోవడమంటే అప్పుడు ప్రయాణమే. పులిహోర మూట కట్టుకుని, ఇంటికి తాళం వేసి, పక్కవాళ్లకు చెప్పి మరీ రైలెక్కేవాళ్లం. మా పెద్దపిల్ల అప్పటికి బొమ్మల పుస్తకంలో తప్ప ఏనుగును చూడలేదు. తనకు ఏనుగును నేనే దగ్గరుండి చూపించాలని నెల ముందు నుంచీ నాచేత ఒట్లు వేయించుకుంది.

చేతిలో ఉన్న పనులన్నీ నా సంచిలో సర్దుకున్నాను. మా ఆయనకు రాత్రి షిఫ్టులో వేసుకోవడానికి మొదలుపెట్టిన ముదురు ఎరుపు స్వెట్టరు అప్పటికి వీపు వరకే అయ్యింది. రెండోది పాస్టరమ్మ అప్పగించిన తెల్ల శాలువా. వచ్చే వారంలోనే ఆమె అక్క కూతురి పెళ్లి, పెళ్లికూతురి భుజాల మీద వెయ్యడానికి మెత్తటి ఊలు తెప్పించి మరీ నాకిచ్చింది. ఆకుల వరుసలు తీస్తూ అల్లానేమో, నేను అంతవరకు చేసిన పనులన్నిటిలోకీ అదే అందమైనది. ఇంకో జానెడు అల్లితే అయిపోతుంది, రైల్లో పూర్తి చెయ్యొచ్చని నా ధీమా.

మా గల్లీలోనే, మా ఇంటికి ఎదురుగా, శామీర్‌పేట నుంచి వచ్చి స్థిరపడిన ఒక ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను మేమంతా ఖాలా, అంటే పిన్ని, అనేవాళ్లం. ఆమె భర్త మేకల వ్యాపారం చేసేవాడు. పురిటికి వచ్చిన వాళ్ల అమ్మాయికి నెలలు నిండకుండానే నొప్పులు వచ్చాయని, ఆ ముందు రోజే సిటీలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఎలాగూ పోతున్నాం కదా, బజారుకంటే ముందు ఆ పిల్లను చూసి, నాలుగు మెతుకులు ఇచ్చి పోదామన్నది మా అత్తమ్మే. రైలు దిగగానే మా ఆయన పిల్లలతో తన అక్క ఇంటికి వెళ్లాడు, నేనూ అత్తమ్మా ఆసుపత్రికి వెళ్లాం.

ఖాలా వార్డు బయట వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆడపిల్ల పుట్టిందని చెప్పింది కానీ, ఆ చెప్పడంలో సంతోషం లేదు. నర్సు దయగల మనిషి, నన్ను తలుపు అద్దం దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. వెచ్చదనం కోసం పెట్టిన బల్బు కింద, దూదిలో చుట్టి, పిడికెడంత పిల్ల. తలేమో బత్తాయి పండంత ఉంది. సాయంత్రం నుంచి కాసేపు కాసేపు తల్లి రొమ్ము మీద పడుకోబెట్టాలట. అలా బయటికి తీసినప్పుడు తల చల్లబడితే పిల్ల తట్టుకోలేదు, ఊలు టోపీ కావాలని డాక్టరు చెప్పాడట. ఖాలా కొడుకు పొద్దున్నుంచి తిరిగి రెండు టోపీలు తెచ్చాడు. అవి తొడిగితే పిల్ల గడ్డం దాకా దిగిపోతున్నాయి.

"బిడ్డా, నీ సంచిల ఊలుంటది గద," అంది ఖాలా నా చెయ్యి పట్టుకుని. "గీ పిల్లకు సరిపోయేటిది ఏదన్న జెయ్యి. బజార్ల దొరికేటియి సంచుల లెక్కున్నయి. నాకేం సమజైతలేదు."

సంచి తెరిచాను. ఎరుపు ఊలు ముతకది. పెద్దవాళ్ల మెడకే గుచ్చుకుంటుంది, ఆ పిల్ల ఒంటికి తగిలితే చర్మం లేచిపోతుంది. మెత్తనిది రైల్లో ముగించిన శాలువా ఒక్కటే, దారమేమో దానికే బొటాబొటిగా సరిపోయి ఉండలో ఏమీ మిగల్లేదు. బజారుకు పోయి తెస్తే ఎలా ఉంటుందని ఆలోచించాను. పోయి, వెతికి, వచ్చేసరికి చీకటి పడుతుంది. శాలువాను ఒళ్ళో పరుచుకుని కూర్చుండిపోయాను. ఎవరికైనా చిన్న సంగతిగా కనిపించవచ్చు కానీ, సొంత చేతులతో వారాల తరబడి అల్లినదాన్ని విప్పడమంటే ఏమిటో అల్లినవాళ్లకు తెలుసు. పైగా అది నాది కాదు, నమ్మి అప్పగించినది.

అప్పుడు మా అత్తమ్మ నా ఎదురుగా నేల మీద కూలబడి, రెండు మోకాళ్లూ దగ్గరికి పెట్టుకుని, చేతులు చాపింది.

"ఇప్పు బిడ్డా," అంది. "శాల్వ లేకున్న పెండ్లయితది."

అంతే, ఇక ఆలోచించలేదు. చివరి ముడి కత్తిరించి లాగాను. ఆకుల వరుసలు ఒకదాని తర్వాత ఒకటి సరసరా విడిపోతుంటే, అత్తమ్మ ఆ వంకరలు తిరిగిన దారాన్ని తన మోకాళ్ల చుట్టూ బిగించి చుట్టుకుంటూ పోయింది. పుల్లలంటే గిట్టని ఆ మనిషికి దారం చిక్కుపడకుండా చుట్టడం ఎలా తెలిసిందో నాకు తెలియదు, బహుశా పలుపుతాళ్లు పేనిన చేతులు కదా. తల కొలత కోసం గేటు దగ్గర బండి మీద ఒక బత్తాయి పండు కొనుక్కొచ్చాను. నాలుగు వరుసలకోసారి ఆ పండుకు తొడిగి చూసుకుంటూ అల్లుతుంటే, వరండాలో ఉన్న మిగతా తల్లులూ అవ్వలూ చుట్టూ చేరారు. పొద్దు వాలేవేళకు టోపీ పూర్తయింది. నర్సు దాన్ని వేడినీళ్లలో జాడించి, ఆ బల్బు వేడికే ఆరబెట్టి, పిల్లకు తొడిగింది. సరిపోయింది. ఖాలా అద్దంలోంచి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆదివారం జూ సంగతి తేల్చాల్సి వచ్చింది. పిల్లకు చిన్న స్వెట్టరూ మేజోళ్లూ కావాలి. పక్క మంచాల వాళ్లకూ నెల తక్కువ పిల్లలు ఇద్దరున్నారు. నేను రానని చెబితే మా పెద్దపిల్ల పెద్దగా ఏడవలేదు, అదే నాకు కష్టమనిపించింది. గోడ వైపు తిరిగి, నువ్వు ఒట్టేసినవ్ అంది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను. బత్తాయంత తల గురించి చెబితే చాలాసేపు ఆలోచించి, ఆ పిల్లకు చలి పెడ్తాందా అని అడిగింది. పెడుతోందన్నాను. సరే పో, నేను చూసొచ్చి చెప్తా అంది. అన్నట్టుగానే సాయంత్రం వాళ్ల నాన్నతో నేరుగా ఆసుపత్రికి వచ్చి, చెయ్యిని తొండంలా ఊపుతూ, వరండా ఈ చివర నుంచి ఆ చివరి వరకు ఏనుగు నడక నడిచి చూపించింది. పొద్దున్నుంచి మొహాలు వేలాడేసుకుని ఉన్న ఆడవాళ్లు అప్పుడు నవ్వారు. నేను ఆ జూ ఇప్పటికీ చూడలేదు, చూడలేదన్న వెలితీ లేదు.

సోమవారం బడి కాగానే పాస్టరమ్మ దగ్గరికి వెళ్లి, శాలువా లేదని చెప్పాను. ఆమె అంతా విని, ఊలు ఇంకా ఎంత మిగిలిందని అడిగింది. మిగిలింది తెమ్మని, తానూ పుల్లలు తీసి కూర్చుంది. ఆ చలికాలమంతా మా చర్చి ఆడవాళ్లం కలిసి చిన్న చిన్న టోపీలు అల్లి, సిటీకి ఎవరు పోతుంటే వాళ్ల చేత ఆ వార్డుకు పంపించాం. పెళ్లికూతురు ఎవరిదో పట్టు శాలువా కప్పుకుని పెళ్లి చేసుకుంది. ఆమె తల్లి మాత్రం చాలాకాలం నాతో ముక్తసరిగానే మాట్లాడింది, ఆవిడ బాధ ఆవిడది, నేను తప్పు పట్టలేదు. ఇక మా ఆయన స్వెట్టరు ఆ ఏడు వీపు దగ్గరే ఆగిపోయింది. తన పొట్టకు చలి పెట్టదని మా ఇంటిదాని నమ్మకమని స్నేహితులతో చెప్పుకుని తిరిగాడు.

పిల్ల బతికింది. ఎండలు ముదరకముందే గల్లీకి తెచ్చారు; ఖాలా మొదట తెచ్చింది మా ఇంటికే, తెచ్చి మా అత్తమ్మ ఒళ్ళో పెట్టింది. అత్తమ్మ నన్నెప్పుడూ నోటితో మెచ్చుకోలేదు. కానీ ఆ తర్వాత సాయంత్రాలు నేను పుల్లలు పట్టుకుని కూర్చుంటే, తానే లేచి పొయ్యి రాజేసేది. నేను లేవబోతే, కూసో, కుట్టు తప్పుతది అనేది. ఆమె పోయేదాకా మా ఇంట్లో ఊలు ఉండలు చుట్టే పని ఆమెదే.

ఆ పిల్ల ఇప్పుడు శామీర్‌పేటలో సొంతంగా కుట్టు దుకాణం నడుపుతోంది, పిల్లల తల్లి. రంజానుకు సేమ్యా పాయసం పంపడం మానలేదు. మా గల్లీ మాత్రం గల్లీలా లేదు. పెంకుటిళ్లు పోయి అపార్టుమెంట్లు లేచాయి, ద్రాక్షతోటలు ఉండేవని చెబితే మనవలు నమ్మరు, డిసెంబరులోనూ ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

ఇప్పటి పిల్లలకు బట్టలకు కొదవ లేదు, మంచి మంచివే ఉన్నాయి, నేనేమీ వంక పెట్టను. ఒక్కటే అనిపిస్తుంది. ఆ రోజుల్లో నేను ఒక పిల్లకు అల్లిన స్వెట్టరు ఆ పిల్లకు పొట్టయ్యాక చెల్లెలికి, ఆ తర్వాత గోడవతలి వాళ్లకు, అక్కడి నుంచి గౌడవెల్లిలో ఎవరింటికో పోయేది. ఎప్పుడో సంతలోనో రైల్లోనో, ముక్కూ మొహం తెలియని తల్లి చంకలో ఒక పసివాడు కనిపించేవాడు. వాడి ఒంటి మీది కుట్టు నాదని దూరం నుంచే తెలిసిపోయేది. ఆ తల్లికి నేనెవరో తెలియదు, నేనూ చెప్పేదాన్ని కాదు. వాడికి వెచ్చగా ఉందో లేదో ఒక్కసారి చూసుకుని నా దారిన నేను పోయేదాన్ని.

ఇప్పుడూ చలికాలం వస్తే పసిపిల్లల మెడ దగ్గరి అంచులు చూస్తూనే నడుస్తాను. అన్నీ చక్కగా ఉంటాయి. నా చేతివి మాత్రం ఎక్కడా కనిపించవు.