సంచిలోంచి తీసిన నమూనా

సోమవారం జారిపడ్డాక నా భార్య మాట తడబడింది. మంగళవారం ఆసుపత్రిలో ఆమెకు ముందునుంచీ ఉన్న మూత్రపు పైపు సంచిలోంచి నమూనా తీసి, మాట తడబాటుకు ఇన్‌ఫెక్షనే కారణమన్నారు. తలకు దెబ్బ తగిలిందని చెప్పినా వినలేదు. గురువారం స్కానింగులో మెదడులో రక్తస్రావం కనిపించింది. శుక్రవారం ఆమె పోయింది.

తరువాత జహీరాబాద్ బస్టాండులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒడిలో, తువ్వాలు కింద, అలాంటి సంచే కనిపించింది.

"మీకూ పరీక్షకు అందులోంచే తీస్తారా?" అని అడిగాను.

"తియ్యనిస్తనా సారూ! సంచిల నిల్వున్నదాంట్ల పురుగులు పుట్టవా? పైపు మార్చి, కొత్తదాంట్లకెల్లి తియ్యుమన్న. పొద్దటి పాలు విరిగినయని బర్రెకు సూదేస్తరా?"

ఆయన నవ్వాడు. న్యాల్‌కల్ బస్సు రాగానే సంచిని జాగ్రత్తగా పట్టుకొని ఎక్కిపోయాడు. ఇప్పటికీ పాలు కాచే ప్రతి ఉదయం ఆ నవ్వు వినబడుతుంది.

ఆసుపత్రి వారిని అడుగుతున్నాను: నమూనాను సంచిలోంచి ఎందుకు తీశారు? దెబ్బ సంగతి చెప్పిన నాడే తలను ఎందుకు పరీక్షించలేదు? లిఖితపూర్వకంగా, సంతకంతో జవాబివ్వండి.