వడ్లు పోసి కొన్న జాడీలు

కోట ఊరి దగ్గర మా పల్లెకు నూర్పిళ్లయిన వారానికల్లా జాడీల బండి వచ్చేది. బండివాడు డబ్బు అడిగేవాడు కాదు. జాడీ నిండా వడ్లు పోస్తే జాడీ మనది. కొంగున ముడేసిన రూపాయి విప్పాలంటే నాకు చేతులొచ్చేవి కావు. వడ్లయితే చేటతో ఎత్తి పోసేదాన్ని. ఇంట్లో పండినవాటికి ఖరీదేమిటనుకునేదాన్ని. అంత తెలివి నాది!

ఇంట్లో ఉన్నది నేనూ, మా ఆయనా, మా అత్తా. ముగ్గురికీ ఒక్క ఆవకాయ జాడీ చాలు. పంతొమ్మిది వందల అరవైల్లో ఒక ఏడు నేను తొమ్మిది కొన్నాను. మొదట చిన్నదే అడిగాను.

"మీ పక్కింటామె పెద్దవి రెండు తీసుకునిందక్కా. మీకు చిన్నది చాల్లే," అన్నాడు బండివాడు.

నాకు ఒళ్లు మండింది. పెద్దవి మూడు దించమన్నాను. వాటి పక్కన పెట్టడానికి చిన్నవి నాలుగు కావాలనిపించింది. ఇంక రెండే మిగిలినాయనేసరికి ఆ రెండూ వదలబుద్ధి కాలేదు.

మా అత్త వడ్లు నిలవ చేసిన పురి వైపు చూసింది. "కొత్త వడ్లు వచ్చేదాకా అదే మన కూడు గదమ్మే. ఇంక చాలించు."

"ఇంకా సగం పైనే ఉంది గదత్తా," అని విసుక్కున్నాను.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నాట్లు పడలేదు. పురి అడుగంటింది. "నాకు ఆకలి లేదమ్మే, మీరు తినండి," అంటూ మా అత్త గంజితో సరిపెట్టుకునేది. ఆమె ముఖం పీక్కుపోవడం నేను చూశాను. చూసి కూడా ఆ మాట నమ్మాను. నమ్మితే నా కంచంలో ఇంకో ముద్ద ఉండేది. ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

జ్వరం తగిలిన మూడో రోజు ఆమె పోయింది. సాగనంపే ముందు ఆమె నోట్లో వేయడానికి బియ్యం కావాలన్నారు. ఇంట్లో గింజ లేదు. పక్కింటామె కొంగులో పోసుకుని తెచ్చింది. ఆమె ఆ బండివాడి దగ్గర ఒక్క జాడీ కూడా కొనలేదని నాకప్పటికి తెలిసింది.

"దేంట్లో పొయ్యమంటావు?" అని అడిగింది.

మా ఆయన తలెత్తకుండానే, "తొమ్మిది జాడీలు ఖాళీగా ఉండాయి గదా," అన్నాడు.

అన్నిటికంటే చిన్నది తెచ్చాను. ఆ బియ్యానికి దాని అడుగు కూడా నిండలేదు.