హౌస్ బుక్‌లో లేని పేజీ

మా ఆయన పేరు దివాకర్. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది. ఈ ఇరవై ఏళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ ఏరి కుప్ప పోసినా ఒక శనివారం మధ్యాహ్నానికి సరిపోవు. కోపమొచ్చినా అదే ముఖం, సంతోషమొచ్చినా అదే ముఖం. మా అమ్మ మొదట్లో "అల్లుడికి మన వంట నచ్చలేదా ఏమిటే?" అని తెగ కంగారు పడేది. నచ్చితే ఇలాగే ఉంటారమ్మా అని నేనే సర్దిచెప్పేదాన్ని. ఇప్పుడు కూర్చుని ఇదంతా నేను రాయడం ఎందుకంటే ఆయన రాయరు, చెప్పరు. స్కూలు పేరు మాత్రం రాయను, అడక్కండి.

మేము పిస్కాటవేలో ఉంటాం. నాలుగేళ్ళ క్రితం ఆయన్ని ఫార్మా కంపెనీలో లేఆఫ్ చేశారు. వీసా మీద ఉన్నవాళ్ళకి ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజుల గడువు కదా, యాభై రెండో రోజున ఈ స్కూలు వాళ్ళు పిలిచి ఉద్యోగమిచ్చారు. మా ఇంటికి యాభై నిమిషాల డ్రైవ్. నూటపాతికేళ్ళ క్రితం ఎవరో దొరగారు ఇంగ్లండులో తను చదివిన బోర్డింగ్ స్కూల్లాంటిదే ఇక్కడా ఉండాలని ముచ్చటపడి కట్టించారట. రాతి గోడలు, నల్లకోట్లు, భోజనానికి ముందు లాటిన్‌లో ప్రార్థన. హెడ్‌మాస్టర్‌ని ఇప్పటికీ ఇంగ్లండు నుంచే తెచ్చుకుంటారు. అక్కడి కంప్యూటర్లు, వైఫై, తలుపులు తెరిచే కార్డులు, కెమెరాలు అన్నీ మా ఆయన చూస్తారు.

స్టాఫ్ పిల్లలకి అక్కడ చదువు ఉచితం. అలా మా నిధి తొమ్మిదో తరగతిలో చేరింది. మేము దగ్గర్లోనే ఉన్నా హాస్టల్లోనే ఉండాలని రూలు. వాళ్ళు హాస్టల్ అనరు, హౌస్ అంటారు. నిధి ఉండే హౌస్‌లో నలభై ఒక్కమంది ఆడపిల్లలు. దాని రూమ్మేట్ మరిసోల్ అని ట్రెంటన్ అమ్మాయి, స్కాలర్‌షిప్ మీద చదువుతోంది. తల్లి నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తుంది. పోయిన దీపావళికి మా ఇంటికి వచ్చి నాలుగు రోజులుంది. పులిహోర మూడుసార్లు వడ్డించుకుని తిన్నది. నన్ను ఆంటీ, ఆయన్ని అంకుల్ అని నోరారా పిలుస్తుంది. మా ఆయనకి ఆ పిల్లంటే ఇష్టం, ఎందుకంటే అదీ పెద్దగా మాట్లాడదు.

ఇక హౌస్ బుక్ సంగతి. ప్రతి హౌస్‌లో తోలు అట్టవేసిన లావుపాటి పుస్తకం ఒకటి ఉంటుంది. పిల్ల ఏ తప్పు చేసినా హౌస్ చూసుకునే మేడమ్ అందులో తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. కంప్యూటర్‌లో ఎక్కించరు. అది వాళ్ళ ఆచారం. పుస్తకంలో ఉన్నదే జరిగినట్టు, లేనిది జరగనట్టే. పన్నెండో తరగతిలో కాలేజీలకి అప్లై చేసేటప్పుడు అందులో ఉన్నది ఉన్నట్టు పంపిస్తారు. ఇదంతా మా ఆయన చెబితే "ఇంత చదువుకున్నవాళ్ళు, వీళ్ళకిదేం చాదస్తమండీ!" అని నవ్వాను కూడా.

అక్టోబరులో ఒక సోమవారం చూస్తే నిధి వాళ్ళ హౌస్ బుక్‌లో ఒక పేజీ లేదు. కిందటి మార్చిది. ఆ పేజీ రాసిన మేడమ్ వేసవిలో రిటైరై వెళ్ళిపోయింది. అందులో నలుగురైదుగురు పిల్లల పేర్లు ఉన్నాయని హౌస్‌లో అందరికీ తెలుసు, ఎవరిది ఏ తప్పో సరిగ్గా ఎవరికీ గుర్తులేదు. మరిసోల్ మూడుసార్లు ఆలస్యంగా వచ్చినట్టు అందులో ఉందని మరిసోలే చెప్పింది. మా నిధి పేరు ఉందో లేదో మాకు తెలియదు. మేము అడగలేదు.

ఆ పుస్తకం ఉండే హౌస్ లైబ్రరీ తలుపు ఆదివారం సాయంత్రం నాలుగింటికి, అందరూ మ్యాచ్ దగ్గర ఉండగా తెరుచుకుంది. తెరిచింది మరిసోల్ కార్డుతో. ఆ పిల్లేమో నా కార్డు శనివారమే పోయింది అంటుంది. పోతే ఎందుకు చెప్పలేదని వీళ్ళు అడుగుతారు. దొరుకుతుందేమోనని వెతుక్కుంటున్నా అని ఆ పిల్ల ఏడుపు. స్కూలు వాళ్ళు రిటైరైన పోలీస్ డిటెక్టివ్‌ని ఒకాయన్ని పిలిపించారు, పెల్టియర్ అని. మంగళవారం ఆయనా మా ఆయనా పక్కపక్కన కూర్చుని కెమెరా రికార్డింగ్ చూశారు.

ఆ రికార్డింగ్‌లో ఉన్నదేమిటో నాకు శుక్రవారం గానీ తెలియలేదు. మంగళవారం ఇంటికొచ్చి చారన్నం తిని పడుకున్నారు. బుధవారం అంతే. గురువారం నేను చారులో ఉప్పు వెయ్యడం మర్చిపోయాను. నేను తిని ఛీ అనుకున్నాను గానీ ఆయన గిన్నె ఖాళీ చేసి లేచారు. "మీకేమైనా ఒంట్లో బాగా లేదా?" అంటే వెళ్ళి పడుకున్నారు. శుక్రవారం ఆఫీస్ నుంచి వచ్చి కార్ గరాజ్‌లో పెట్టి, గంట దాటినా లోపలికి రాలేదు. వెళ్ళి చూస్తే స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నారు.

"అది నిధి," అన్నారు.

"ఏది నిధి?"

అప్పుడు చెప్పారు. రికార్డింగ్‌లో ముఖం కనపడదు. బయట వాన, స్కూల్లో అందరికీ ఒకేలాంటి నీలం రెయిన్‌కోటు, తలమీద టోపీ లాగి ఉంది. ఆ పిల్ల అద్దాల బీరువా తెరిచి హౌస్ బుక్ తీసింది. తీస్తుంటే పక్కనున్న ఇంకో పుస్తకం జారి కింద పడింది, కాలు దానికి తగిలింది. ఆ పిల్ల వెంటనే వంగి, కుడిచేత్తో పుస్తకాన్ని తాకి, ఆ చేతిని కళ్ళకద్దుకుంది. పడ్డదాన్ని జాగ్రత్తగా లోపల పెట్టింది. ఆ తరువాత అదే చేత్తో హౌస్ బుక్‌లో పేజీ చించి మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది.

"పెల్టియర్ అక్కడ ఆపించి, చూడు దివాకర్, కళ్ళు తుడుచుకుంటోంది, ఏడుస్తోంది, తప్పు చేస్తున్నానని దానికే తెలుసు అన్నడు. నాలుగుసార్లు వేయించుకుని చూసిండు. నేనే వేసిన."

ఆ హౌస్‌లో పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే పిల్ల ఇంకెవరుంది? నలభై ఒక్కమందిలో మన దేశం పిల్ల నిధి ఒక్కతే. నేర్పింది నేనే. మూడేళ్ళప్పుడు బొమ్మల పుస్తకం మీద నిలబడితే సరస్వతీదేవి తల్లీ, తప్పు అని దండం పెట్టించాను. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఇవేవీ రావేమోనని నాది మరీ చాదస్తం. పార్సిల్ అట్టపెట్టె మీద కాలు పడినా అద్దుకోమనేదాన్ని. అద్దుకోకపోతే అన్నం పెట్టేదాన్ని కాదు.

"సోమవారం కమిటీ ఉంది," అన్నారు ఆయన. "మరిసోల్‌ని పంపించేస్తరు. నేను చెప్పనా?"

ఇరవై ఏళ్ళలో ఆయన నన్ను అడిగి చేసిన పని ఒక్కటి లేదు. అడిగిందల్లా ఇదొక్కటి. నేను మాత్రం క్షణం ఆలోచించలేదు.

"మీకేమైనా పిచ్చా? నోరు మూసుకుని ఊరుకోండి. ముఖం కనపడిందా? లేదు కదా. కళ్ళు తుడుచుకుందని ఆ పోలీసాయనే అన్నాడు కదా. మధ్యలో మీరెవరు?"

"విద్యా, ఆ పిల్ల ఏం చేయలే."

"ఏం చెయ్యలేదు కాబట్టి ఇంకో స్కూల్లో చేరుతుంది. మన పిల్ల సంగతేమిటి? పేజీ చించింది, స్నేహితురాలి కార్డుతో వెళ్ళింది అని రాస్తే దాన్ని ఏ కాలేజీ గడప ఎక్కనిస్తుందండీ?"

గరాజ్ లైటు దానంతటదే ఆరిపోయింది. ఇద్దరం లోపలికొచ్చాం.

శనివారం నిధిని తీసుకొచ్చారు. నేను దోసెలు వేస్తున్నాను. అది ఫోన్ చూసుకుంటూ తింటోంది, పాపం మరిసోల్, సో శాడ్ అంటోంది. నాకు ఒళ్ళు మండింది. స్టవ్ కట్టేసి అడిగేశాను.

"మరిసోల్ కార్డ్ నీ దగ్గర ఎందుకుందే?"

దాని చెయ్యి ఆగిపోయింది. నన్ను చూసింది, వాళ్ళ నాన్నని చూసింది. బుకాయిస్తుందేమో అనుకున్నాను. బుకాయించినా బాగుండేది.

"జస్ట్ బారో చేశాను అమ్మా. తన మీదకి వస్తది అని థింక్ చేయలేదు. నా కార్డ్‌తో వెళ్తే డోర్ లాగ్స్‌లో నా నేమ్ నాన్న చూస్తాడు కదా."

"పేజీలో ఏముంది?"

"ఎస్సే కాపీ చేశాను. వన్ టైమ్. ఒక్క లైన్ రాసింది ఆ మేడమ్. ఒక్క లైన్ కోసం ఫోర్ ఇయర్స్ పోతాయి అమ్మా."

"పేజీ ఎక్కడుంది?"

"ఫ్లష్ చేశాను."

మా ఆయన అప్పటిదాకా ప్లేటు వైపే చూస్తున్నారు. తలెత్తి అడిగారు. "మరి కిందపడ్డ పుస్తకాన్ని కళ్ళకద్దుకున్నవు ఎందుకు?"

నిధికి అర్థం కాలేదు. "అద్దుకున్నానా? నాకు రిమెంబర్ లేదు నాన్నా."

నిజంగానే గుర్తులేదు దానికి. దాని ముఖం చూస్తే తెలుస్తోంది. నాకు దానిమీద కోపం రావాలి, చెంప పగలగొట్టాలి. ఏమీ రాలేదు. ఒళ్ళంతా పంటి డాక్టర్ ఇంజెక్షన్ ఇచ్చినట్టుంది.

"సోమవారం నువ్వే వెళ్ళి చెప్పు," అన్నారు ఆయన.

నిధి నా వైపు చూసింది. చిన్నప్పుడు ఆయన హోంవర్క్ చెయ్యమంటే నా వైపు చూసేది, అచ్చు అలా. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ముందు తిననివ్వండి దాన్ని," అన్నాను నేను. స్టవ్ వెలిగించి ఇంకో దోసె వేశాను. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆదివారం సాయంత్రం ఆయనే దాన్ని తీసుకెళ్ళి దింపి వచ్చారు.

సోమవారం కమిటీ కూర్చుంది. రికార్డింగ్ వేసి చూపించడానికి మా ఆయన్నే పిలిచారు. ఆయన వేశారు. హెడ్‌మాస్టర్, ముగ్గురు టీచర్లు, పెల్టియర్, అవతలి వైపు మరిసోల్, నర్సింగ్ హోమ్ యూనిఫామ్‌లోనే వచ్చిన వాళ్ళమ్మ. మీరేమైనా చెప్పదలచుకున్నారా అని హెడ్‌మాస్టర్ అందరినీ ఒకసారి అడిగారట. మా ఆయన్ని కూడా అడిగినట్టే. ఈయన ప్రొజెక్టర్ కేబుల్ చుడుతూ ఉన్నారట. పావుగంటలో తేల్చేశారు. మరిసోల్ మరునాడు మధ్యాహ్నంలోపు ఖాళీ చెయ్యాలి.

మంగళవారం ఆ పిల్ల పేరున ఉన్న ఈమెయిల్, కార్డు, లాకర్ అన్నీ మూసెయ్యడం మా ఆయన పని. మూసేశారు. స్కూలు ఇచ్చిన లాప్‌టాప్ తిరిగి తీసుకోవడం కూడా ఆయన పనే. పదకొండింటికి మరిసోల్ లాప్‌టాప్, ఛార్జర్ పట్టుకుని ఆయన గదికి వచ్చింది. వాళ్ళమ్మ కింద కార్‌లో పెట్టెలు సర్దుకుంటోంది.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా ఆయన చెబుతుంటే నేను వడ్డిస్తూ విన్నాను. నేను అడగలేదు. ఆయనంతట ఆయనే చెప్పారు, గొంతులో హెచ్చూ తగ్గూ లేకుండా.

ఆ పిల్ల లాప్‌టాప్ ఇచ్చి సంతకం పెట్టిందట. పెట్టి, వెళ్ళకుండా నిలబడిందట. "అంకుల్, ఆ వీడియో మీరు చాలాసార్లు చూశారట కదా. అందులో ఉన్నది నేను కాదు. మీకు తెలుసు కదా?" అన్నదట.

"తెలుసు అన్న," అన్నారు ఆయన.

అంతే, ఆ పిల్ల ఈయన్ని పట్టుకుని ఏడ్చేసిందట. ఇంత పెద్ద స్కూల్లో నన్ను నమ్మింది మీరొక్కరే అంకుల్, ఆ మాట మా అమ్మకి చెబుతాను, తను కూడా నన్ను సగమే నమ్ముతోంది అన్నదట. థాంక్యూ అని చెప్పి మెట్లు దిగి వెళ్ళిందట. ఈయన కిటికీలోంచి చూశారట. కింద ఆ పిల్ల తన తల్లి చెయ్యి పట్టుకుని ఈ కిటికీ వైపు చూపిస్తూ ఏదో చెబుతోందట. వాళ్ళమ్మ తలెత్తి ఈయనకి చెయ్యి ఊపిందట.

"మీరేం చేశారు?" అన్నాను.

"నేనూ ఊపిన."

నా చేతిలో పెరుగు గిన్నె ఉంది. అది బల్లమీద పెట్టి, నోరు తెరిచి నేనన్న మొదటి మాట ఇది.

"మీరు తెలుసు అన్నప్పుడు పక్కన ఎవరూ లేరు కదా?"

"లేరు," అన్నారు ఆయన.

"పోనీలెండి," అని పెరుగు గిన్నె ఆయన వైపు జరిపాను.